చప్పట్లు కొట్టని మనిషి

గోరటి వెంకన్నగారి ‘వల్లంకి తాళం’కి 2021 కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చినప్పటి నుంచీ ఆయన పాట ఎదురుగా వినాలని మా కోరిక. గోలేటి నుంచి ముగ్గురం స్నేహితురాళ్ళం పులిహోర కట్టుకుని, ఆసిఫాబాద్ రోడ్డులో రైలెక్కి, హైదరాబాదు వెళ్ళొచ్చాం.

‘కుబుసం’ (2002) సినిమాలో ఆయన రాసిన పల్లె పాట మాకు కంఠతా వచ్చు. సినిమాలో వాయిద్యాల హోరుంది. ఆయన నోట వింటే, ఆరిన పొయ్యి ముందు కూర్చున్న మనిషి మాటలా ఉంది. ఆయన చిందుకి హాలంతా ఈలలు, చప్పట్లు. పాటలోని దుఃఖం ఎవరికి పట్టింది?

మాలో ఒకావిడ పుట్టిన ఊరు ఓపెన్‌కాస్టు గనిలో కలిసిపోయింది. ఆవిడ చప్పట్లు కొట్టలేదు. చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

తిరుగు రైల్లో, “మళ్ళీ వెళదామా?” అన్నాను.

“ఒక్కసారి చాలే!” అంది.

ఆ పాటకి ఇంతకన్నా మంచి విమర్శ నేను రాయలేను.