కాళ్ళకు పెట్టిన పరీక్ష చేతులకు చెల్లునా?

దీర్ఘకాలిక శ్వాసావరోధ వ్యాధి గలవారిలో ఒక విచిత్రం కానవస్తుంది. నెమ్మదిగా రెండు వీధులు నడవగలిగిన మనిషి తల దువ్వుకొనేసరికి ఆయాసపడతాడు. దండెంమీద బట్టలు ఆరవేయడం, అటకమీది డబ్బా దించడం అతనికి నడకకంటె కష్టం. అయినా ఈ వ్యాధికి వాడే మందుల గుణాన్ని నిర్ణయించే వ్యాయామ పరీక్షలు ఎక్కువగా కాళ్ళతోనే జరిగాయి. ఇది ఎంతవరకు సమంజసమో పరిశీలించవలసి ఉన్నది.

ఈ వ్యాధిలో శ్వాసనాళాలు ఇరుకైపోవడంవల్ల గాలి బయటికి పోవడానికి ఎక్కువ కాలం పడుతుంది. శ్రమ చేసినప్పుడు ఊపిరి వేగం హెచ్చుతుంది. లోపలి గాలి పూర్తిగా పోకముందే మరొక ఊపిరి తీయవలసి వస్తుంది. ఆ విధంగా గాలి నిలువచేరి ఊపిరితిత్తులు ఉబ్బుతాయి. ఛాతీకి, ఉదరానికి నడుమ గొడుగువలె ఉండే ఉదరవితానం చదునై బలం కోల్పోతుంది. అప్పుడు మెడ, భుజాల కండరాలు దానికి సాయపడతాయి. చేతులు పైకెత్తి నిలిపేవి కూడ ఈ కండరాలే. ఒకే ఎద్దును రెండు బండ్లకు కట్టినట్లవుతుంది. ఆధారం లేకుండ చేతులు ఆడించినప్పుడు కొందరు రోగులలో ఛాతీ, ఉదరాల కదలిక లయ తప్పుతుందనీ, కాళ్ళ వ్యాయామంలో అట్లా జరగలేదనీ సెల్లి, రసులో, మేక్ అనే శాస్త్రజ్ఞులు 1986లో ప్రకటించారు.

ఇక మందుల సంగతి. సాల్బ్యుటమాల్, టయోట్రోపియం వంటివి శ్వాసనాళాల గోడలలోని కండరాలను సడలిస్తాయి. చిక్కుపడిన గాలి బయటికి పోతుంది. 2004లో ఓడానెల్, ఆయన సహచరులు ప్రకటించిన ప్రయోగంలో 187 మంది రోగులు పాల్గొన్నారు. టయోట్రోపియం 42 రోజులు పీల్చినవారు, ఉత్తుత్తి మందు పీల్చినవారికంటె సైకిలు సుమారు 105 సెకన్లు ఎక్కువసేపు తొక్కగలిగారు.

ఈ ఫలితం విలువైనదే. లోపం ప్రయోగంలో లేదు. దానిని చేతులకు కూడ అన్వయించడంలో ఉన్నది. మందు ఉబ్బును తగ్గించి ఉదరవితానానికి కొంత ఊరట ఇస్తుంది. కాబట్టి చేతిపనికీ మేలు కలగవచ్చు. కాని భుజకండరాలపై పడే రెండవ బరువును ఏ మందూ తీసివేయదు. సడలిన చేతికండరాలకు అది బలమూ ఇవ్వదు.

చేతులతో పరీక్షించినంత మాత్రాన కూడ చిక్కు తీరదు. చేతితో తిప్పే యంత్రంలో చేతులకు పిడి ఆధారంగా ఉంటుంది. ఇంటిపనిలో ఆ ఆధారం లేదు. భుజాల ఎత్తున, దానికి 20 సెంటీమీటర్ల పైన ఉన్న మేకులమధ్య రింగులను 6 నిమిషాలపాటు మార్చే పరీక్ష ఇంటిపనికి చేరువగా ఉంటుంది. మందుల ప్రయోగాలలో దీనికి స్థానం కల్పించడం న్యాయం.

ఇది కేవలం పండితచర్చ కాదు. మన పల్లెలలో పొగతాగని స్త్రీలకు కూడ కట్టెలపొయ్యి పొగవల్ల ఈ వ్యాధి వస్తున్నది. నీళ్ళు తోడడం, బట్టలు ఉతకడం, బిందె ఎత్తడం వారి నిత్యకృత్యాలు. నడకలో కలిగిన మెరుగు చూసి వైద్యుడు తృప్తిపడితే వారి బాధ లెక్కకు రాదు. చేతులెత్తితే ఆయాసం తగ్గలేదని వారు మందే మానివేస్తే ఉన్న మేలు కూడ పోతుంది. మందుతోపాటు, వైద్యుని సలహాపై, తేలికబరువులతో చేతులకు క్రమమైన సాధన ఉండాలి. మందు శ్వాసకు దారి ఇస్తుంది. చేతికి సత్తువ ఇచ్చేది సాధనయే.