రెండో అధ్యాయంలో మనం

విశ్వవిద్యాలయాలకు సమర్పించే సిద్ధాంత గ్రంథాల్లో సాధారణంగా రెండో అధ్యాయం పూర్వ పరిశోధనల సమీక్ష. ఈ విషయం మీద ముందు ఎవరెవరు ఏం రాశారు, ఏది తేలింది, ఏది తేలలేదు, నేను ఎక్కడి నుంచి మొదలుపెడుతున్నాను అని పరిశోధకులు చెప్పుకోవాల్సిన చోటు అది. ఆదిలాబాద్ గోండుల మీద వచ్చిన కొన్ని సిద్ధాంత గ్రంథాలు నేను చదివాను. గూడేలు తిరిగి రాసిన అధ్యాయాల్లో కష్టం కనిపిస్తుంది. రెండో అధ్యాయంలో మాత్రం చాలావరకు ఒకటే వరస. థర్‌స్టన్ ఇలా అన్నారు, సిరాజుల్ హసన్ ఇలా అన్నారు, హైమన్‌డార్ఫ్ ఇలా అన్నారు. పేరాకు ఒక పుస్తకం చొప్పున చెప్పుకుంటూ పోయి అధ్యాయం ముగిస్తారు. ఒక పుస్తకానికీ ఇంకో పుస్తకానికీ మధ్య మాట ఉండదు.

ఇది విశ్వవిద్యాలయాల గొడవ, మనకెందుకు అనుకోవద్దు. ఆ అధ్యాయంలో రాసిన వాక్యాన్ని తర్వాతి పరిశోధకుడు ఎత్తి రాస్తాడు. అక్కడి నుంచి అది పోటీ పరీక్షల గైడులోకి, తర్వాత మన పిల్లల చేతికి వస్తుంది. ‘గోండులు వేట మీద, అటవీ ఫలసాయం మీద ఆధారపడి జీవిస్తారు’ అన్న వాక్యాన్ని, పొద్దున అమ్మతో చేనుకు పోయి పత్తి ఏరి వచ్చిన పిల్ల బడిలో కూర్చుని బట్టీ పడుతుంది.

ఆ వాక్యం కింద తరచుగా హైమన్‌డార్ఫ్ పేరే ఉంటుంది. ఆయన 1948లో వేసిన పుస్తకం పేరు ‘ది రాజ్ గోండ్స్ ఆఫ్ ఆదిలాబాద్’. దాని ఉపశీర్షికకు అర్థం ‘దక్కన్‌లో ఒక రైతు సంస్కృతి’. గోండులు నాగలి పట్టిన రైతులని అట్ట మీదే ఉంది. ఆ పుస్తకాన్ని సాక్ష్యంగా చూపించి మనల్ని వేటగాళ్లని రాశారంటే, దాన్ని తెరవకుండా ఇంకొకరి గ్రంథంలో నుంచి ఎత్తి రాశారనే అనుకోవాలి. థర్‌స్టన్ సంగతీ ఇలాంటిదే. 1909లో ఏడు సంపుటాలుగా వచ్చిన ఆయన పుస్తకం ప్రధానంగా మద్రాసు ప్రెసిడెన్సీ గురించి. ఆదిలాబాద్ అప్పుడు నిజాం రాజ్యంలో ఉంది. మన ప్రాంతపు గోండుల గురించి చెప్పడానికి ఆయన్ని మొదటి సాక్షిగా నిలబెట్టడం ఏం పద్ధతి?

రెండో లోపం కాలానిది. ఎనభై ఏళ్ల కింద చూసి రాసిన సంగతిని ‘చేస్తారు, ఉంటారు’ అని ఇప్పటి మాటగా రాసేస్తారు. హైమన్‌డార్ఫ్ స్వయంగా అలా చేయలేదు. 1940ల్లో మార్లవాయిలో ఉండి పనిచేసిన ఆయన 1970ల్లో మళ్లీ వచ్చారు. 1979లో గోండుల మీద ఇంకో పుస్తకం, 1982లో ‘ట్రైబ్స్ ఆఫ్ ఇండియా’ వేశారు. మొదటిసారి చూసిన ఊళ్లలో భూములు బయటివాళ్ల పాలు కావడం వాటిలో రాశారు. తన పాత పనిని తానే తిరిగి చూసుకున్న మనిషి ఆయన. ఆయన్ని ఉదహరించేవాళ్లు 1948 దగ్గరే ఆగిపోతే, సమీక్షలో నుంచి జారిపోయేది మన భూమి కథ.

మూడోది, ఆ పుస్తకాలు ఎలా పుట్టాయో అడగకపోవడం. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీమ్‌ను చంపాక, గోండుల అసంతృప్తికి కారణం తెలుసుకోవాల్సిన అవసరం నిజాం సర్కారుకు వచ్చింది. హైమన్‌డార్ఫ్ పని ఆ నేపథ్యంలో సాగింది. 1945లో ఆయన నివేదికలను అచ్చు వేసింది కూడా సర్కారే. ఈ మాట చెప్పినంత మాత్రాన ఆ పని విలువ తగ్గదు. ఏ ప్రశ్నలకు జవాబుగా ఆ పుస్తకాలు వచ్చాయో, ఏ ప్రశ్నలు ఆయన్ని ఎవరూ అడగలేదో చదివేవాళ్లకు తెలుస్తుంది.

ఉపాధ్యాయులకు దగ్గరి ఉదాహరణ ఒకటి. మాతృభాషలో చదువు గురించి మనవాళ్లు రాసే ప్రాజెక్టులు చాలావరకు 2004 ప్రాంతంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిది గిరిజన భాషల్లో మొదలైన బహుభాషా బోధనతో ఆరంభమవుతాయి. కానీ మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ కేంద్రం 1943లోనే తెరిచారు. దేవనాగరి లిపిలో గోండీ వాచకాలు తయారుచేశారు. ఆ పని ఎందుకు నిలబడలేదు అన్న ప్రశ్న అడగకపోతే రెండో ప్రయత్నం ఎందుకు కుంటుతోందో కూడా అర్థం కాదు. పూర్వ పరిశోధనల సమీక్ష అవసరం ఇక్కడే తెలుస్తుంది.

ఇక సాహిత్యం అనే మాట దగ్గరికి వద్దాం. అచ్చయినదే సాహిత్యం అని ముందే తీర్మానించుకుంటే మనకు చరిత్ర లేదనే తేలుతుంది. ‘గోండీకి లిపి లేదు’ అని చాలామంది రాశారు. గుంజాలలో రాతప్రతులు బయటపడ్డాయి, హైదరాబాద్ విశ్వవిద్యాలయ పండితులు వాటి మీద పనిచేశారు, 2018లో గుంజాల గోండి లిపి యూనికోడ్‌లో చేరింది. పాత వాక్యం ఇంకా కొత్త గ్రంథాల్లో తిరుగుతూనే ఉంది. కిక్రి పట్టుకుని మన సగల పుట్టుక చెప్పే ప్రధాన్లు, తోటీలు కూడా మన గ్రంథాలయమే. హైమన్‌డార్ఫ్ పుస్తకంలోని పురాణ కథలకు మూలం వాళ్ల నోళ్లే. విన్నవారి పేరు గ్రంథసూచిలో ఉంది, చెప్పినవారి పేరు లేదు.

అయితే ‘బయటివాళ్లు రాసింది పక్కన పడేద్దాం, మనం చెప్పిందే నిజం’ అనే మాటతో నేను ఏకీభవించను. మార్లవాయి ఊరు హైమన్‌డార్ఫ్ దంపతులను ఈనాటికీ గౌరవంగా తలుచుకుంటుంది. గోండుల మీద 2017లో చరిత్ర గ్రంథం తెచ్చిన భంగ్యా భుక్యా గోండు కాదు, లంబాడా. గోండు రాజ్యాల నుంచి మొదలుపెట్టి, మనవాళ్లు ఎలా అంచుకు నెట్టబడ్డారో ఆయన చర్చించారు. పుట్టుక వల్ల మనకు భాష, ప్రవేశం దొరుకుతాయి. రుజువు మాత్రం మనమూ వెతుక్కోవాల్సిందే. ఒకే కథను ఇద్దరు ప్రధాన్లు రెండు రకాలుగా చెబితే, మనకు నచ్చినదాన్ని ఉంచి రెండోదాన్ని దాచడం మనకూ తగదు.

ఎం.ఏ., బి.ఎడ్., పిహెచ్.డి. చేస్తున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నేను చెప్పేది ఇంతే. ప్రతి పుస్తకాన్నీ నాలుగు ప్రశ్నలు అడగండి. ఏ సంవత్సరంలో చూసి రాశారు? ఏ ఊళ్లలో? ఎవరు పంపితే వచ్చారు? ఎవరి నోట, ఏ భాషలో విన్నారు? జవాబులు పక్కపక్కన పెడితే పుస్తకాలు ఎక్కడ కలుస్తున్నాయో, ఎక్కడ తగాదా పడుతున్నాయో కనిపిస్తుంది. తగాదా ఉన్న చోట మీ పరిశోధన మొదలుపెట్టండి. అసలు పుస్తకం చూడకుండా దాని పేరు రాయకండి. పెద్దవాళ్ల దగ్గర విన్నప్పుడు వాళ్ల అనుమతితో పేరు, ఊరు, తేదీ, ఏ సందర్భంలో చెప్పారో రాసి పెట్టండి.

ఆ నాలుగు ప్రశ్నలు మీ పని మీద కూడా వేసుకుని చివరి అధ్యాయంలో జవాబు రాయండి. గోండీలో అడిగారా, తెలుగులో అడిగారా? పటేల్ ఇంట్లో కూర్చుని విన్నారా, ఆడవాళ్లతో విడిగా మాట్లాడారా? ఎవరు మాట్లాడడానికి ఇష్టపడలేదు? గ్రంథం అచ్చయ్యాక, దాని సారం పది పేజీల్లో ఊరికి అర్థమయ్యే భాషలో రాసి బడిలో ఒక ప్రతి పెట్టండి. మాట ఇచ్చినవాళ్లు దాన్ని చదివించుకుని, తప్పుంటే తప్పని చెప్పగలగాలి. వాళ్లు చెప్పిన సవరణను కూడా దాచిపెట్టండి. మీ తర్వాత వచ్చేవాళ్ల సమీక్ష దానితోనే మొదలవుతుంది.