చొక్కా మీది ప్రశ్న

గొప్ప కళాకారిణులు ఎందుకు లేరు? 2017 సెప్టెంబరులో పారిస్‌లో డియోర్ సంస్థ జరిపిన దుస్తుల ప్రదర్శనలో ఒక చారల చొక్కా మీద ఈ ప్రశ్న కనిపించింది. అది అమెరికన్ కళాచరిత్రకారిణి లిండా నాక్లిన్ 1971లో ప్రచురించిన వ్యాసం పేరు. కళాచరిత్రలో స్త్రీవాద విమర్శకు దారి వేసిన రచన అది. డియోర్ తొలి మహిళా కళాదర్శకురాలు మరియా గ్రాజియా క్యూరి ఆ వ్యాసం ప్రతులను ప్రేక్షకుల కుర్చీల్లో కూడా ఉంచారు. మరుసటి నెలలోనే నాక్లిన్ కన్నుమూశారు.

సన్మానం ఘనమైనదే. కాని వ్యాసం చదవనివారికి ఆ చొక్కా ఏం చెబుతుంది? 'లేరు' అని చెబుతుంది. నాక్లిన్ చెప్పింది అది కాదు. ఆ ప్రశ్నలోనే ఉచ్చు ఉందన్నారామె. నగ్నదేహాన్ని చూసి గీయటమే చిత్రకళకు పునాది అనుకున్న కాలంలో అకాడమీలు స్త్రీలను ఆ తరగతుల్లోకి రానివ్వలేదు. లోపం ప్రతిభలో లేదు, సంస్థల్లో ఉంది. ప్రశ్న చొక్కా ఎక్కింది, సమాధానం కుర్చీలో ఉండిపోయింది. ఆ కుర్చీలు ఎందరికి దొరికేవి?

ఈ చిక్కు మన భాషలోనూ ఉంది. బండారు అచ్చమాంబ 'అబలా సచ్చరిత్ర రత్నమాల' (1901) స్త్రీలు బలహీనులన్న మాటను స్త్రీల జీవిత చరిత్రలతోనే ఖండించిన గ్రంథం. ఆ పేరును ఎవరైనా చీర అంచున నేయిస్తే ముందు కంటికి తగిలేది 'అబల' అనే మాటే. మరుగునపడిన స్త్రీల పేర్లు వెలికితీసినంత మాత్రాన సమాధానం కాదని నాక్లిన్ వాదన. అచ్చమాంబ పూనుకున్నది సరిగ్గా ఆ పనికే. అయితే పేర్లే తెలియని చోట వాదన ఎక్కడ మొదలవుతుంది? ఇక్కడ మేము అచ్చమాంబ పక్షమే.

వెంగల్, తిరుత్తణి వైపు విద్యార్థులకు ఇందులో మరో ఇబ్బంది ఉంది. తిరుత్తణి 1960 ఏప్రిల్ 1న ఆంధ్రప్రదేశ్ నుంచి మద్రాసు రాష్ట్రంలోకి వెళ్లింది. ఇంట్లో తెలుగు మాట్లాడి, బడిలో తమిళమే చదివిన పిల్లలకు చీర మీది తెలుగు అక్షరం కూడా ఒక లతే, ఒక హంసే. అక్షరాన్ని అలంకారంగా మార్చటం వారి విషయంలో మరీ సులువు.

ఇందుకు మార్గం మాకు ఈ ప్రాంతానికి ఉత్తరాన ఉన్న శ్రీకాళహస్తిలో కనిపిస్తుంది. అక్కడి కలంకారీ రామాయణ పటాల్లో గడికొక బొమ్మ, దాని పైన తెలుగులో కథ. కరక్కాయ, పాలతో తడిపి ఆరబెట్టిన నూలుగుడ్డ మీద వెదురు కలంతో, ఇనుము, బెల్లం ఊరబెట్టిన నల్లరంగుతో గీస్తారు. చదవలేనివారికి బొమ్మ దారి చూపుతుంది, చదవగలిగినవారికి మాట. అచ్చమాంబ కథ 'ధనత్రయోదశి' (1902) ఈ పద్ధతికి చక్కగా ఒదుగుతుంది: పండుగనాడు ఏమీ లేని ఇల్లు, భర్త తెచ్చిన పరాయి సొమ్ము, తిరిగి ఇచ్చి రమ్మనే భార్య. పమిటకు మూడు గళ్లు చాలు. పైన రాసిన మాటలేమిటని ఎవరైనా అడిగితే, ఆ పమిట వేసుకున్న అమ్మాయే చదివి వినిపించాలి.