రావలసింది ఇంటికి చేర్చే పని
(ముందుమాట)

సైనికుల గురించి మన దగ్గర పుస్తకాలు తక్కువ. ఉన్నవాటిలో చాలా భాగం యుద్ధంతో మొదలై యుద్ధంతోనే ముగుస్తాయి. నారాయణఖేడ్ యువకులు రాసిన ఈ చిన్న పుస్తకం యుద్ధం అయిపోయాక మొదలవుతుంది. సిపాయి ట్రంకుపెట్టె సర్దుకుని ఊరికి తిరిగొచ్చాక అతనికి ఏం కావాలి, అతను పోయాక అతని భార్య ఏ ఆఫీసుకు పోవాలి, అక్కడిదాకా ఆమెకు ఎవరు తోడు రావాలి... ఇందులో ఉన్నవి ఇవే. ముందుమాట రాయమని వచ్చి అడిగితే వెంటనే సరేనన్నాను. వీళ్లలో కొందరు నా బడిలో చదువుకున్నవాళ్లు. అయితే ఆ అభిమానంతో రాస్తున్న మాటలు కావివి. జీతం బత్తెం లేకుండా, సొంత పనులు మానుకుని, బస్సు చార్జీలు చేతినుంచి పెట్టుకుని వీళ్లు చేస్తున్న పనిని దగ్గరుండి చూసినవాణ్ణి కనుక రాస్తున్నాను.

నారాయణఖేడ్ సంగతి తెలియని పాఠకుల కోసం ఒక మాట. మాది 1956 దాకా బీదరు జిల్లాలో తాలూకా. రాష్ట్రాలు విడిపోయి కలిసినప్పుడు మెదక్ జిల్లాకు వచ్చాం, 2016లో సంగారెడ్డి జిల్లా అయ్యాం. తెలుగు, కన్నడం, మరాఠీ, ఉర్దూ, లంబాడీ మా సంతలో ఒకేచోట వినిపిస్తాయి. సంతలో ఈ భాషలకు పేచీ లేదు. పేచీ అంతా కాగితం మీదే. ఒకే ఆడమనిషి రేషన్ కార్డులో సీతమ్మ, ఆధార్‌లో సీతాబాయి, భర్త సర్వీసు రికార్డులో వట్టి సీత అవుతుంది. పెళ్లయినప్పుడు సిపాయి తన యూనిట్‌కు తెలిపి, భార్య పేరు రికార్డులో ఎక్కేలా పార్ట్ టూ ఆర్డర్ వేయించుకోవాలి. వెనకటివాళ్లలో కొందరు వేయించుకోలేదు. వేయించుకున్నవాళ్లకు కూడా గుమాస్తా చెవికి ఎలా వినబడితే అలా పేరు ఎక్కింది. భర్త బతికున్నన్నాళ్లు ఆ తేడా ఎవరికీ పట్టదు. అతను కన్నుమూశాకే, ముప్పై నలభై ఏళ్లు కాపురం చేసిన మనిషి తానే ఆయన భార్యనని రుజువు చేసుకోవలసి వస్తుంది.

ఆ రుజువు ఎక్కడ చూపాలి? భర్త ఫిరంగి దళంలో పనిచేసి ఉంటే రికార్డ్స్ ఆఫీసు నాసిక్‌లో. మద్రాస్ రెజిమెంట్ అయితే నీలగిరుల్లోని వెల్లింగ్టన్‌లో. యంత్రాల మరమ్మతులు చూసే ఈఎంఈ విభాగమైతే అదృష్టం, సికింద్రాబాద్‌లోనే. పెన్షన్ మంజూరు చేసేది ప్రయాగ్‌రాజ్‌లో. కంగ్టి దగ్గరి తండాలోనో మనూరు దగ్గరి పల్లెలోనో ఉండే ముసలమ్మకు ఈ ఊళ్ల పేర్లు పలకడమే కష్టం. ఈ పిల్లలు ఆమె ఇంటికి పోయి, పెట్టె అడుగున గుడ్డలో చుట్టి దాచిన డిశ్చార్జి బుక్కు తీయించి, అందులోని ప్రతి పేజీ చదువుతారు. పెన్షన్ పేమెంట్ ఆర్డర్ (పీపీఓ) నంబరు రాసుకుంటారు. ఏ పేరు ఎక్కడ తప్పిందో పట్టుకుంటారు. అఫిడవిట్ రాయించి, సైనిక సంక్షేమ కార్యాలయానికి వెంటబెట్టుకుపోయి, జవాబు రాకపోతే మళ్లీ రాస్తారు. పుస్తకంలో ఈ అధ్యాయమే అన్నిటికంటే పెద్దది, అలా ఉండడమే న్యాయం. నమూనా దరఖాస్తులను తెలుగులో వివరించి, ఏ గడిలో ఏం నింపాలో వేలు పట్టుకుని చెప్పారు.

ఇప్పుడు పెన్షన్ వ్యవహారమంతా స్పర్శ్ అనే కంప్యూటర్ పద్ధతిలోకి మారింది. ఏటా బతికున్నట్టు ధ్రువీకరణ ఇవ్వాలి, లేకపోతే పెన్షన్ ఆగుతుంది. జొన్నచేలల్లో, పత్తిచేలల్లో జీవితమంతా పనిచేసిన చేతులకు వేలిముద్రలు అరిగిపోతాయి, మీసేవలో యంత్రం వాటిని గుర్తుపట్టదు. ఫోను కెమెరాలో ముఖం చూపి ధ్రువీకరణ ఇచ్చే వీలు 2021 నవంబరులో వచ్చింది. ఆ సంగతి మా పల్లెలకు తీసుకొచ్చింది వీళ్లే. నవంబరు నెలంతా ఫోను పట్టుకుని ఊరూరూ తిరుగుతారు.

పెన్షనే లేనివాళ్ల కథ వేరు. సిపాయి పెన్షన్‌కు పదిహేనేళ్ల సర్వీసు కావాలి. అంతకంటే ముందే ఏదో కారణంతో బయటికొచ్చినవాళ్లు ముసలితనంలో ఉత్త చేతులతో మిగిలారు. హవల్దార్ హోదా వరకు పనిచేసి, పెన్షన్ లేక, అరవై ఐదేళ్లు దాటినవారికి, వారి వితంతువులకు కేంద్రీయ సైనిక్ బోర్డు ద్వారా నెలనెలా సాయం అందుతుంది. ఆ మొత్తాన్ని 2025 నవంబరు నుంచి 4,000 రూపాయల నుంచి 8,000కు పెంచారు. ఇలాంటిది ఒకటుందని తెలియకుండానే పోయిన ముసలివాళ్లను నేనెరుగుదును. ఆ బాధ నాకు ఇంకా తీరలేదు.

ఆ సాయానికి డబ్బు వచ్చేది సాయుధ దళాల పతాక నిధి నుంచి. 1949 నుంచి ఏటా డిసెంబరు 7న పతాక దినం జరుపుకుంటున్నాం. ఎరుపు, ముదురు నీలం, లేత నీలం రంగుల చిన్న కాగితపు జెండాలు బడి పిల్లల చేతికిచ్చి చందాలు పోగుచేయించిన ఉపాధ్యాయుల్లో నేనూ ఒకణ్ణి. ఆ రోజు పిల్లవాడు డబ్బాలో వేసిన రూపాయి ఎవరి ఇంటికి చేరుతుందో ఈ పుస్తకం చూపిస్తుంది. బళ్లల్లో చదివి వినిపించవలసిన భాగమది.

ఈ యువకులు తాము చేస్తున్న పనిని దానమనుకోరు. నాకు అన్నిటికంటే నచ్చింది అదే. అవసరమైన చోట బియ్యం ఇస్తారు, మందులు కొనిస్తారు, కాదనను. కానీ వాళ్ల శ్రమలో ముప్పాతిక వంతు ఆ కుటుంబానికి హక్కుగా రావలసింది రాబట్టడానికే పోతుంది. సాయం అందుకున్నవారి ఫోటో తీయకూడదని తమకు తాము ఒక నియమం పెట్టుకున్నారు. శాలువా కప్పి, దుప్పటి చేతికిచ్చి, పక్కన నిలబడి ఫోటో దిగే ఈ కాలంలో ఆ నియమానికి నేను చేతులెత్తి నమస్కరిస్తాను.

మన తెలుగు నేలకు సైన్యంతో సంబంధం కొత్తది కాదు. ఇవాళ కుమావూన్ రెజిమెంట్ అని పిలిచేదాని మూలాలు నిజాం కాలపు హైదరాబాద్ కంటింజెంట్‌లో ఉన్నాయి. 1945 అక్టోబరు దాకా దాని పేరు హైదరాబాద్ రెజిమెంటే. మొదటి పరమవీరచక్ర పొందిన మేజర్ సోమనాథ్ శర్మ ఆ రెజిమెంట్ మనిషి. ఢిల్లీ తీన్‌మూర్తి దగ్గర నిలబెట్టిన ముగ్గురు సైనికుల్లో ఒకరు హైదరాబాద్ లాన్సర్ల ప్రతినిధి. పశ్చిమ గోదావరిలో ఒక ఊరినే మిలటరీ మాధవరం అంటారు. 2020 జూన్‌లో గల్వాన్ లోయలో ప్రాణమిచ్చిన కర్నల్ సంతోష్‌బాబుది సూర్యాపేట. 2025 మే 9న సరిహద్దులో నేలకొరిగిన మురళీ నాయక్ శ్రీ సత్యసాయి జిల్లా కల్లి తండా బిడ్డ. ఆ వార్త విన్ననాడు మా తండాల్లో పొయ్యి వెలగని ఇళ్లున్నాయి. తమ పిల్లలూ అదే దారిలో ఉన్నారు మరి.

మురళీ నాయక్ అగ్నివీర్. 2022లో వచ్చిన అగ్నిపథ్ పథకం కింద అలా చేరినవారికి నాలుగేళ్ల సర్వీసు, చివర సుమారు 11.71 లక్షల సేవానిధి ఉంటాయి, పెన్షన్ ఉండదు. నాలుగో వంతు మందికి మించి సైన్యంలో కొనసాగరు. తొలి జట్టు నాలుగేళ్లు 2026 చివరికి పూర్తవుతాయి. ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్ల కుర్రవాడు చేతిలో కొంత డబ్బుతో ఊరికొస్తాడు. ఆ డబ్బు ఆర్నెల్లలో ఆవిరి కాకుండా, ఆ పిల్లవాడు దారి తప్పకుండా పక్కన నిలబడేదెవరు? రచయితలు ఈ ప్రశ్నను ముందే అడిగి, చదువు, పోలీసు ఉద్యోగాలు, బ్యాంకు లెక్కల మీద ఒక అధ్యాయం రాశారు. సీఆర్‌పీఎఫ్, బీఎస్‌ఎఫ్ జవాన్లకు కూడా చోటిచ్చారు. సైనిక్ బోర్డు సాయాలు వాళ్లకు వర్తించవు, వాళ్ల పెన్షన్ నియమాలు వేరు. ఊరి దృష్టిలో మాత్రం అందరూ ‘మిలటరీకి పోయిన’వాళ్లే. ఆ తేడాను ఓపికగా విడమరిచి చెప్పడం మంచి పని.

పెద్దవాణ్ణి కనుక ఒక లోటు చెప్పకుండా ఉండలేను. కాగితాల గురించి ఇంత శ్రద్ధగా రాసినవారు మనసు గురించి తక్కువ రాశారు. మంచు కొండల్లో ఏళ్లు గడిపి వచ్చిన మనిషి ఊళ్లో ఎవరితోనూ కలవలేక తాగుడులో పడడం, రాత్రిళ్లు ఉలిక్కిపడి లేవడం మనందరికీ తెలిసినవే. ‘మిలటరోడు, గట్లనే ఉంటడు’ అని ఊరు వదిలేస్తుంది. ఆ ఇంటి ఆడవాళ్లు ఎవరికి చెప్పుకోవాలి, ఏ డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలి అన్నది మలి ముద్రణలో తప్పక చేర్చాలని కోరుతున్నాను. వైద్యానికి 2003 నుంచి మాజీ సైనికుల ఆరోగ్య పథకం ఈసీహెచ్‌ఎస్ ఉంది. మనసు జబ్బుకు కూడా దాన్ని వాడుకోవచ్చని చెప్పేవాళ్లు కావాలి.

ఈ పుస్తకాన్ని నారాయణఖేడ్, కంగ్టి, మనూరు, కల్హేర్, సిర్గాపూర్, నాగల్‌గిద్ద మండలాల ప్రతి పంచాయతీ ఆఫీసులో, ప్రతి ఉన్నత పాఠశాలలో ఉంచాలి. చదువు రాని అవ్వలకు చదివి వినిపించే బాధ్యత తొమ్మిదో తరగతి పిల్లలకు అప్పగించాలని ప్రధానోపాధ్యాయులకు నా విన్నపం. లంబాడీలో వినిపించగలిగితే మరీ మంచిది.

ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు
నారాయణఖేడ్