ఊరికే కూచున్న చేతులు

తనకల్లులో మా వీధి చివరి అరుగు మీద ఒక అవ్వ చెనక్కాయలు వలుస్తుంటుంది. విత్తనం వేసే కాలం వస్తోందంటే ఆమె ముందు చేట, పక్కన మూట. బొటనవేలితో కాయ ముక్కు నొక్కుతుంది. కాయ టప్పున విచ్చుకుంటుంది. గింజ చేటలోకి, పొట్టు పక్కకి. గింజ మీది ఎర్ర పొర చిట్లితే విత్తనానికి పనికిరాదు, అందుకే ఆ వేలికి అంత నిదానం. దారినపోయేవాళ్లు "ఏం చేస్తాండావవ్వా?" అని పలకరిస్తే తల ఎత్తకుండానే చెబుతుంది: "ఏముంది, ఊరికే కూచోనుండా."

ఆమె మనవరాలు దూరవిద్యలో సోషియాలజీ ఎం.ఏ. చదువుతోంది. ఈమధ్య నోట్సు పట్టుకుని మా ఇంటికొచ్చింది. "అక్కా, ఉదారవాద స్త్రీవాదం, మార్క్సిస్టు స్త్రీవాదం, రాడికల్ స్త్రీవాదం, అన్నీ బట్టీ పట్టినా. పరీక్షలో రాసేస్తా. ఇవి ఎట్ల పుట్టినాయో మాత్రం అర్థం కాలా" అంది. నోట్సు మూయించి ఆ పిల్ల చేతికి ఒక పుస్తకం ఇచ్చాను. ప్రపంచమంతా పాఠంగా చెప్పుకునే స్త్రీవాద సిద్ధాంతం ఒకటి మన గోదావరి జిల్లా ఇంటి వసారాల్లో, లేసు అల్లే ఆడవాళ్ల పక్కన కూర్చుని తయారైంది మరి.

ఆ పుస్తకం మరియా మీస్ రాసిన 'ద లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్'. 1982లో వచ్చింది. మీస్ జర్మన్ సమాజశాస్త్రవేత్త. 1960లలో పుణెలో జర్మన్ భాష నేర్పింది, తర్వాత కొలోన్‌లో ఆచార్యురాలైంది, 2023లో కన్నుమూసింది. అంతర్జాతీయ కార్మిక సంస్థ తరఫున 1970ల చివర్లో నర్సాపురం ప్రాంతంలో పరిశోధన చేసింది. ఆ ఏళ్లలో ఆంధ్రలో ఆమె చేసిన పనికి తోడు నిలిచినవాళ్లు కె. లలిత, కృష్ణకుమారి. తర్వాత సూసీ తారుతో కలిసి భారతీయ స్త్రీల రచనల సంకలనాన్ని రెండు సంపుటాలుగా తెచ్చింది ఈ లలితే.

ఈ పుస్తకం పనితనం ఎక్కడుందో చూడాలంటే అది ఏ మాట దగ్గర మొదలైందో చూడాలి. లేసును ఆ ఊళ్లలో అందరూ తీరిక వేళల పని అనేవాళ్లు. వ్యాపారులు అలాగే అన్నారు, అధికారులు అలాగే అన్నారు, అల్లే ఆడవాళ్లూ అలాగే అన్నారు. తొందరపడే పరిశోధకులైతే ఆ మాటను ఉన్నదున్నట్టు రాసుకుని వచ్చేస్తారు, లేదా పాపం వీళ్లకు తెలియదని కొట్టిపారేస్తారు. మీస్ ఈ రెండూ చేయలేదు. గంటలు లెక్కపెట్టింది. వంట, నీళ్లు, పిల్లలు, గొడ్లు, ఇవన్నీ అయ్యాక ఆ స్త్రీలు రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు లేసు అల్లుతున్నారని తేలింది. ఫ్యాక్టరీలో ఒక షిఫ్టుకు అంతే సమయం పడుతుంది. దానికి పెట్టిన పేరు మాత్రం తీరిక! మాటకూ గడియారానికీ మధ్య ఉన్న ఆ ఎడంలోంచే ఆమె సిద్ధాంతం మొత్తం బయటికి లాగింది.

ఆ తర్వాత దారం పట్టుకుని నడిచింది. లేసుపనిలోనూ విభజన ఉంది: చేతిపని, అతుకుపని, కాజాకుట్టు. ఒకామె పువ్వులు అల్లుతుంది, ఇంకొకామె వాటిని కలుపుతుంది. వస్తువు మొత్తం ఒక్క చేతిలో తయారు కాదు. దారం తెచ్చేది దళారి, అల్లిన ముక్కలు పట్టుకుపోయేదీ దళారే. ఆ పైన వ్యాపారి, ఆ పైన ఎగుమతిదారు. చివరకు ఏ విదేశీ ఇంట్లోనో భోజనాల బల్ల మీద గుడ్డగా పరుచుకుంటుంది. అల్లినామెకు ఆ బల్లా తెలియదు, ధరా తెలియదు. ఆమెకు ముట్టేది ముక్కకింత అని. ఆ లెక్కన రోజుకు వచ్చేది పొలంలో కూలికి పోయే ఆడమనిషి సంపాదన కన్నా తక్కువ. ఇంత దూరపు మార్కెట్టును ఇంత దగ్గరి అరుగుకు ముడివేసి చూపడం తేలిక పని కాదు. చాలా పుస్తకాల్లో అయితే మార్కెట్టే కనిపిస్తుంది, లేకుంటే అరుగే కనిపిస్తుంది.

మరి తక్కువ వస్తున్నా పొలానికి ఎందుకు పోలేదు? పుస్తకంలో నాకు అన్నింటికన్నా నచ్చినది ఈ ప్రశ్నను పట్టుకున్న తీరు. లేసు మొదట క్రైస్తవ మిషనరీలు నేర్పిన పని. నేర్చుకున్నది మతం మారిన పేద స్త్రీలు. తర్వాత అది కాపు కుటుంబాల్లోకి వెళ్లింది. ఆ ఇళ్లలో ఆడవాళ్లు గడప దాటకపోవడం పరువు, దానికి వాళ్లు పెట్టుకున్న పేరు గోషా. పొలంలో దళిత స్త్రీకి నాలుగు డబ్బులు ఎక్కువ వచ్చినా, ఇంట్లో కూర్చుని అల్లడమే గొప్ప. కులం ఇచ్చిన ఆ గొప్పే దళారికి చౌక కూలీని సమకూర్చింది. ఆడదాని మీద కాపలా లేకుండా కులం నిలవదని అంబేడ్కర్ 1916లోనే, కులాల పుట్టుక మీద రాసిన వ్యాసంలో చూపాడు. ఆ కాపలాను వ్యాపారి ఎలా లాభంగా మార్చుకుంటాడో మీస్ చూపింది.

ఇంత దూరం వచ్చాకే ఆమె పేరు పెట్టింది. ఇంగ్లీషులో 'హౌస్‌వైఫైజేషన్', మనం గృహిణీకరణ అనుకోవచ్చు. ఆడమనిషిని ముందు గృహిణిగా నిర్వచిస్తారు. అప్పుడు ఆమె చేసేది పని కాకుండా పోతుంది. పని కానప్పుడు కనీస వేతనమూ లేదు, సంఘమూ లేదు, జనాభా లెక్కల్లో కార్మికురాలు అన్న గుర్తింపూ లేదు. మాట వినడానికి బరువుగా ఉంది కానీ, ఇందులో పుస్తకం ముందే లెక్కపెట్టి చూపనిది ఒక్కటీ లేదు. పాశ్చాత్య స్త్రీవాదులు మూడో ప్రపంచ స్త్రీలందరినీ ఒకే మూసలో పోస్తున్నారని ఉతికి ఆరేసిన చంద్రా తల్పడే మొహంతీ, తన ప్రసిద్ధ వ్యాసంలో ఈ పుస్తకాన్ని మాత్రం సరైన పనికి ఉదాహరణగా చూపింది.

గంటలు లెక్కపెట్టడంలో మీస్ ఒంటరి కాదు. బ్రిటిష్ సమాజశాస్త్రవేత్త ఆన్ ఓక్లీ లండన్‌లో 40 మంది గృహిణులను కూర్చోబెట్టి అడిగితే ఇంటిపని వారానికి సగటున 77 గంటలని తేలింది. ఆ లెక్కలతో ఆమె రాసిన పుస్తకం 1974లో వచ్చింది. మన దేశంలో 2019 నాటి కాలవినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపనికి, అది చేసే ఆడవాళ్లు రోజుకు 299 నిమిషాలు పెడుతుంటే, చేసే మగవాళ్లు 97 నిమిషాలు పెడుతున్నారు. 2024 సర్వేకు అవి 289, 88 అయ్యాయి. ఆడవాళ్లకు తగ్గింది పది నిమిషాలు. మగవాళ్లూ దాదాపు అంతే తగ్గించుకున్నారు.

పిల్ల పుస్తకం తిరిగిస్తూ "అక్కా, అయితే మన ధర్మవరం మగ్గాలూ గృహిణీకరణేనా?" అంది. అక్కడే ఆగమన్నాను. మగ్గం ముందు కూర్చున్నాయన నేతగాడు, పట్టు చుట్టి కండెలు అందించే ఆమె 'సాయం' చేసేది, ఇది నిజమే. కానీ మన సీమ ఆడది గోషాలో లేదు. వానొస్తే చేనుకు పోతుంది, కూలికి పోతుంది, ఎండాకాలం చింతపండు కొడుతుంది, మిగిలిన పూట ఇంట్లో కాయలు వలుస్తుంది. నర్సాపురం ముద్ర తెచ్చి తనకల్లు మీద గుద్దితే మీస్ చేసిన పనికే అవమానం. పుస్తకం నుంచి తెచ్చుకోవలసింది ముగింపు కాదు, పనిముట్టు. నర్సాపురం క్రోషే లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మన కదిరి పేరు మీద వేరుశనగ రకాలే ఉన్నాయి. వాటి గింజలు వలిచే చేతుల గంటలు ఎవరి పుస్తకంలోనూ లేవు.

వారం తర్వాత ఆ పిల్ల మళ్లీ వచ్చింది. రూళ్ల కాగితం మీద పొద్దున నాలుగున్నర నుంచి గడులు గీసి, వాళ్లవ్వ పని అంతా రాసింది. మధ్యాహ్నం రెండు నుంచి ఆరు వరకు 'కాయలు వలవడం'. దాని కింద ఒక వరుస కొట్టేసి ఉంది. మొదట రాత్రి ఏడు దగ్గర 'విశ్రాంతి' అని రాసిందట. చదివి వినిపిస్తే అవ్వ ఒప్పుకోలేదట. కొట్టేసిన మాట పక్కన, అవ్వ చెప్పింది చెప్పినట్టు చిన్న అక్షరాలతో ఉంది: "అప్పుడు గింజల్లో పుచ్చువి ఏరుతా. రాసేదేదో సరిగ్గా రాయి."