సుంకి ఘాటీలో వెనక చక్రాల విద్య

విజయనగరం నుంచి గజపతినగరం, రామభద్రపురం దాటి సాలూరు చేరే రోడ్డు పొలాల మధ్య సాఫీగా సాగిపోతుంది. పాచిపెంట మండలం పి.కోనవలస దగ్గరకు వచ్చేసరికి తూర్పు కనుమలు అడ్డం నిలుస్తాయి. అక్కడి నుంచి రోడ్డు మెలికలు తిరుగుతూ సుంకి ఘాటీ మీదుగా కొరాపుట్ పీఠభూమికి ఎక్కుతుంది. కొరాపుట్ సముద్రమట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంది. ఇప్పుడు ఈ రోడ్డు 26వ నంబరు జాతీయ రహదారి. నంబర్లు మార్చక ముందు 43వ నంబరు పేరుతో రాయపూర్ నుంచి విజయనగరం జిల్లా నాతవలస దాకా వచ్చేది.

సాలూరును లారీల ఊరుగా చేసింది ఈ దారే. కొండ ఎక్కబోయే బండిని ఆపి అన్నీ సరిచూసుకోవలసిన ఊరు ఇది. దిగివచ్చిన బండికి మొదటి మజిలీ కూడా ఇదే. అందుకే వేగావతి ఒడ్డునున్న ఈ చిన్న పట్టణంలో లారీ యజమానులు, డ్రైవర్లు, బాడీ కట్టేవాళ్ళు, కమాను కట్టలు సరిచేసేవాళ్ళు, టైర్ల పనివాళ్ళు స్థిరపడ్డారు. సాలూరు ఒకప్పుడు శ్రీకాకుళం జిల్లాలో ఉండేది. 1979లో విజయనగరం జిల్లాలోకి, 2022లో పార్వతీపురం మన్యం జిల్లాలోకి మారింది. జిల్లా పేరు ఎన్నిసార్లు మారినా ఊరి బతుకు మాత్రం లారీ మీదే ఆధారపడింది. ఇక్కడి డ్రైవర్లలో చాలామంది ముందు క్లీనరుగా బండెక్కి, పెద్ద డ్రైవరు పక్కన కూర్చుని, కళ్ళతో చూసి పని నేర్చుకున్నవాళ్ళే. వెనక చక్రాలతో నడిచే బరువైన బండిని తడి కొండ మీద, పొగమంచులో అదుపు తప్పకుండా నడపడం వాళ్ళ విద్య. దాని విలువ మనం గుర్తించిన దానికన్నా చాలా ఎక్కువ.

ఈ విద్య అంతా ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతుంది: ఇప్పుడు బరువు ఏ చక్రాల మీద ఉంది? లారీలో ఇంజను ముందుంటుంది, బండిని నెట్టేవి వెనక చక్రాలు. ముందు చక్రాల పని దారి చూపడమే. లోడుతో ఎక్కుడు ఎక్కేటప్పుడు బరువు వెనక్కి వాలుతుంది, నెట్టే చక్రాలు రోడ్డును గట్టిగా పట్టుకుంటాయి. వెనక చక్రాల బండికి ఇది పెద్ద వరం. ముందు చక్రాలతో నడిచే కారుకు అదే ఎక్కుడులో పట్టు తగ్గుతుంది. కానీ ఖాళీ లారీ సంగతి వేరు. వెనక బరువు లేక, తడి మలుపులో కాస్త గట్టిగా యాక్సిలరేటరు తొక్కినా చక్రం ఉన్నచోటే తిరుగుతుంది, బండి వెనకభాగం పక్కకు జారుతుంది. కొత్త డ్రైవరు లోడు బండికి భయపడతాడు. అనుభవం ఉన్నవాడు వానలో ఖాళీ బండికి భయపడతాడు.

పది చక్రాల లారీ విషయంలో బయటివాళ్ళకు తెలియని సంగతి ఇంకొకటుంది. వెనక ఎనిమిది టైర్లు కనిపిస్తాయి కాబట్టి ఎనిమిదీ బండిని నెడతాయనుకుంటాం. సరుకు లారీలు చాలావాటిలో వెనకున్న రెండు యాక్సిళ్ళలో ఒకదానికే ఇంజను బలం అందుతుంది. రెండోది బరువు మోసే డమ్మీ యాక్సిల్. 2018లో కేంద్రం పది చక్రాల లారీ మొత్తం బరువు పరిమితిని 25 టన్నుల నుంచి 28.5 టన్నులకు పెంచింది. అంత బరువును కొండ మీదకు నెట్టేది నాలుగు టైర్లే. ఒక్కో టైరు రోడ్డును తాకే చోటు మహా అయితే ఒక పుస్తకం అట్టంత. ఆ కాస్త చోటును ఏ రబ్బరుతో, ఏ బటన్‌తో (పైనున్న గాడుల అచ్చుతో), ఎంత గాలితో నింపాలన్నది అందుకే అంత ముఖ్యం.

ముందు చక్రాలకు గీతల టైరు వేస్తారు. చుట్టూ నిలువుగా సాగే ఆ గాడులు నీటిని తప్పిస్తాయి, బండి పక్కకు జారకుండా ఆపుతాయి, స్టీరింగు మాట వినేలా చేస్తాయి. నెట్టే చక్రాలకు అడ్డ దిమ్మెలున్న లగ్ టైరు. ఎక్కుడులో పట్టు, దిగుడులో బ్రేకు రెండూ దాని వల్లే. అయితే లగ్ టైరు మైదానంలో వేగంగా పోతే మోత చేస్తుంది, వేడెక్కుతుంది, తొందరగా అరుగుతుంది. సగం కొండ, సగం హైవే తిరిగే బండికి రెండు లక్షణాలూ కలిసిన సెమీ లగ్ నప్పుతుంది. డమ్మీ యాక్సిల్ టైర్ల కష్టం మరో రకం. హెయిర్‌పిన్ మలుపులో అవి తిరగలేక రోడ్డు మీద అడ్డంగా ఈడ్చుకుపోతాయి. అక్కడ కొత్త లగ్ టైరు వేయడం డబ్బు రోడ్డుకు రుద్దడమే. సగం అరిగినవో, రీబటన్ చేసినవో అక్కడికి పంపుతారు. కొత్త టైరుకు మాత్రం ముందు చక్రమే చోటు. ముందు టైరు పేలితే స్టీరింగు చేతిలోంచి పోతుంది, ఘాటీలో దాని అర్థం లోయ. అందుకే రీబటన్ టైరును ముందు చక్రానికి వేయనివ్వని యజమానిని డ్రైవర్లు గౌరవిస్తారు.

రీబటన్‌ను చిన్నచూపు చూడకూడదు. అరిగిన టైరు పైపొరను రాపిడి యంత్రంతో గీకి, లోపలి గుడ్డపొరల్లో చీలిక ఉందేమో పరీక్షించి, కొత్త రబ్బరు అతికించి ఉడికిస్తారు. వేడి పద్ధతిలో అచ్చులో పెట్టి సుమారు 150 డిగ్రీల దగ్గర ఉడికిస్తే కొత్త బటన్ అక్కడే ఏర్పడుతుంది. చల్ల పద్ధతిలో ముందే తయారైన బటన్ పట్టీని అంటించి సుమారు 100 డిగ్రీల దగ్గర పట్టిస్తారు. ఎంఆర్ఎఫ్ కంపెనీ రబ్బరు వ్యాపారంలో నిలదొక్కుకున్నది కూడా 1952లో మొదలుపెట్టిన ఈ రీట్రేడింగ్ రబ్బరుతోనే, టైర్ల తయారీ తర్వాతి సంగతి. మన ఆర్టీసీ కూడా తన బస్సుల టైర్లను రీట్రేడ్ చేయించి మళ్ళీ వాడుతుంది. తప్పు ఎక్కడ జరుగుతుందంటే, లోపలి పొరలు దెబ్బతిన్న టైరుకు పైన అందమైన బటన్ వేసినప్పుడు. బటన్ నిగనిగలాడుతుంది, లోపల టైరు చచ్చిపోయి ఉంటుంది.

అరుగుదలకు చట్టం పెట్టిన హద్దు 1.6 మిల్లీమీటర్లు. గాడి లోతు అంతకన్నా తగ్గితే టైరు మార్చాలి. గాడి అడుగున చిన్న రబ్బరు మిట్ట ఉంటుంది, బటన్ దానితో సమానమైందంటే హద్దు వచ్చేసినట్టే. ఘాటీకి ఈ లెక్క చాలదని ఇక్కడ గట్టిగా చెప్పాలి. తడి రోడ్డు మీద పట్టు ఆ హద్దుకు చాలా ముందే పడిపోతుంది. గుండు టైరు ఎండలో బాగానే నడుస్తుంది, అదే దాని మోసం.

ఇక శీతకాలం. మార్గశిరం మొదలుకొని మాఘం దాకా ఈ కొండల్లో తెల్లవారుజామున పొగమంచు కమ్ముతుంది. మన దగ్గర రోడ్డు మీద మంచు గడ్డకట్టదు, ఆ అపాయం లేదు. ఉన్నది ఇంకో రకం. వానలు ఆగి నెలలు గడిచాక రోడ్డు మీద దుమ్ము, డీజిలు, రబ్బరు పొడి పేరుకుంటాయి. జోరువాన దాన్ని కడిగేస్తుంది. పొగమంచు కడగదు, తడిపి ఊరుకుంటుంది. సన్నని జిగురు పొర మిగులుతుంది. నీడ మలుపుల్లో ఎండ ఆలస్యంగా పడుతుంది కాబట్టి తొమ్మిది దాటినా ఆ పొర ఆరదు. మైదానంలో మరో ప్రమాదం కల్లాలు. కోతలయ్యాక వరి, చోడి, ఉలవ పంటలను రోడ్డు మీద పరిచి, వచ్చేపోయే బండ్ల చక్రాల కింద నూర్చుకోవడం మన పల్లెల్లో చూస్తూనే ఉంటాం. మంచుకు తడిసిన ఉలవకట్టె మీద బ్రేకు వేస్తే ఏ కంపెనీ టైరూ ఆపలేదు. రైతు కష్టం అర్థమవుతుంది, కల్లం చోటు లేనివాడు ఇంకేం చేస్తాడు? ఊరికొక సిమెంటు కల్లం కట్టిస్తే రోడ్డు భద్రతకు అంతకన్నా చవకైన పని ఉండదు.

చలి టైరులోని గాలిని కూడా మారుస్తుంది. వాతావరణం 10 డిగ్రీలు చల్లబడితే లారీ టైరులో గాలి సుమారు 4 పౌండ్లు తగ్గుతుంది. అందుకే గాలి చూడవలసింది తెల్లవారి బండి కదలకముందు. పొద్దున ఇనుప లివరుతో ప్రతి టైరునూ కొట్టుకుంటూ బండి చుట్టూ తిరిగే క్లీనరు చేసే పని ఇదే. గాలి నిండుగా ఉంటే దెబ్బ టంగుమంటుంది, తగ్గితే డొల్లగా మోగుతుంది. జంట టైర్లలో లోపలిది కంటికి కనపడదు, దానికి ఈ దెబ్బే పరీక్ష. రెండు టైర్ల మధ్య రాయి ఇరుక్కుంటే అప్పుడే తీసేయాలి. జంటలో ఒకటి కొత్తది, ఒకటి అరిగినది వేస్తే ఎత్తుగా ఉన్నదే బరువంతా మోసి వేడెక్కి పేలుతుంది. ఘాటీ దిగాక టైరు వేడిగా ఉన్నప్పుడు గాలి ఎక్కువ చూపిస్తుందని కొంత బయటికి వదిలేయడం పెద్ద పొరపాటు. చల్లారాక గాలి తక్కువైన టైరు మిగులుతుంది.

ఎక్కడం కన్నా దిగడంలోనే డ్రైవరు పనితనం తెలుస్తుంది. ఎక్కిన గేరులోనే దిగాలన్నది పాత సూత్రం. ఇప్పటి ఇంజన్లకు బలం ఎక్కువ, అదే ఎక్కుడును పెద్ద గేరులో ఎక్కేస్తాయి, కాబట్టి ఇంకో గేరు కిందకు వేసి దిగడం మేలు. గేరు మలుపుకు ముందే వేయాలి. వెనక చక్రాల బండిలో ఇంజను ఆపుదల పడేది వెనక చక్రాల మీదే. దిగుడులో బరువు ముందుకు వాలి ఆ చక్రాలు తేలికపడి ఉంటాయి. తడి మలుపు మధ్యలో ఒక్కసారిగా గేరు తగ్గించి క్లచ్ వదిలితే అవి పట్టు తప్పుతాయి. జారడం మొదలైతే బ్రేకు జోలికి పోకుండా, క్లచ్ తొక్కి, వెనకభాగం ఎటు జారుతోందో స్టీరింగు అటే తిప్పాలి. డీజిలు మిగులుతుందని న్యూట్రల్‌లో దించడం ఆత్మహత్యతో సమానం. బ్రేకు డ్రమ్ములు కాలిపోయి, తొక్కినా పట్టని స్థితి వస్తుంది. 2015 నుంచి కొత్త భారీ వాహనాలకు ఏబీఎస్ తప్పనిసరి చేశారు. చక్రం బిగుసుకుపోకుండా అది కాపాడుతుంది, లేని పట్టును మాత్రం పుట్టించలేదు. ఎదురుగా ఎక్కే బండికి దారి ఇవ్వడం చట్టం కూడా చెప్పేదే. ఎక్కుడులో ఆగిపోయిన లోడు బండిని మళ్ళీ కదిలించడం ఎంత కష్టమో తెలిసినవాడికి చట్టం చెప్పనక్కర్లేదు. అలా ఆగినప్పుడు క్లీనరు దూకి టైరు వెనక చెక్క దిమ్మ పెట్టే పని కూడా ఈ విద్యలో భాగమే.

చలి దేశాల్లో వెనక చక్రాల స్పోర్ట్స్ కార్లు నడిపేవాళ్ళకు ఎదురయ్యేదీ ఈ వెనక చక్రాల జారుడు సమస్యే. మంచు మీద టైరు ఎంపిక అనగానే మనకు ఖరీదైన కార్లు గుర్తొస్తాయి. కానీ ప్రపంచంలో మొదటి శీతకాలపు టైరును 1934లో ఫిన్లాండ్‌లో, ఇప్పుడు నోకియన్‌గా పిలిచే కంపెనీ, లారీల కోసమే తయారు చేసింది. కార్లకు చేసింది రెండేళ్ళ తర్వాత. ఇప్పటి శీతకాలపు టైరు రహస్యం మెత్తని రబ్బరు. సుమారు 7 డిగ్రీల కన్నా చలి పెరిగితే వేసవి టైరు రబ్బరు గట్టిపడి పట్టు కోల్పోతుంది, శీతకాలపు టైరు మెత్తగానే ఉంటుంది. డెట్రాయిట్‌లో మస్టాంగ్ కారు కొనుక్కున్న మన తెలుగు కుర్రాడు మొదటి శీతకాలంలో నేర్చుకునే పాఠం ఇదే. నెట్టేవి వెనక చక్రాలే కదా అని వెనక రెండే మారిస్తే చాలదు. ముందు చక్రాలు తిరగనూ లేవు, ఆగనూ లేవు. నాలుగూ మార్చాలి. కెనడాలోని క్యూబెక్‌లో డిసెంబరు 1 నుంచి మార్చి 15 దాకా శీతకాలపు టైర్లు చట్టప్రకారం తప్పనిసరి. వెనక డిక్కీలో ఇసుక బస్తాలు వేసుకునే అలవాటు కూడా ఆ దేశాల్లో ఉంది. ఖాళీ లారీకి భయపడే సాలూరు డ్రైవరుకు ఆ బస్తాల అవసరం విడమరిచి చెప్పాల్సిన పనిలేదు. అయితే ఆ టైర్లు మనకు పనికిరావు. మన ఎండకు ఆ మెత్తని రబ్బరు కరిగినట్టే అరిగిపోతుంది.

లారీలకే కాదు ఈ జ్ఞానం. 1983లో మారుతి 800 వచ్చేదాకా అంబాసిడర్, పద్మిని వంటి మన కార్లన్నీ వెనక చక్రాలవే. ఈనాటికీ సీతంపేట, గుమ్మలక్ష్మీపురం ఏజెన్సీ ఊళ్ళకు జనాన్ని, సరుకును చేర్చే బొలెరోలు, ఏస్ బండ్లు, ఆటోలు, ఈకోలు వెనక చక్రాలతోనే నడుస్తాయి. సంతరోజు టాపు మీద కూడా మనుషులను ఎక్కించుకున్న బొలెరోలో బరువు పైకి లేస్తుంది, వెనక టైర్లు గుండు అయి ఉంటాయి. ఆ బండి నడిపే కుర్రాళ్ళలో చాలామందికి పక్కన కూర్చోబెట్టుకుని నేర్పిన పెద్ద డ్రైవరు లేడు. క్లీనర్లు కూడా తగ్గిపోతున్నారు. విద్య చేతులు మారే దారి అక్కడే తెగుతోంది. సాలూరు, పార్వతీపురం వంటి చోట్ల లైసెన్సు ఇచ్చే ముందు పాత ఘాటీ డ్రైవర్ల చేత ఒక పూట పాఠం చెప్పించడం కష్టమేమీ కాదు. వాళ్ళకు గౌరవవేతనం ఇచ్చి పిలవాలి.

రాయపూర్ నుంచి విశాఖకు 464 కిలోమీటర్ల ఆరు వరుసల కొత్త రహదారి వస్తోంది. ఆంధ్రప్రదేశ్‌లో అది సాలూరు ప్రాంతం నుంచి సబ్బవరం దాకా సాగుతుంది. అందులో సొరంగాలున్నాయి, మలుపులు తక్కువ. అది పూర్తయితే బరువైన లారీలు చాలావరకు సుంకి ఘాటీ వదిలి అటు మళ్ళుతాయి. లగ్ టైర్ల అవసరం తగ్గుతుంది, వేగాన్ని తట్టుకునే రేడియల్, ట్యూబ్‌లెస్ టైర్లు పెరుగుతాయి. కానీ పొడవైన వాలులో వేగంగా దిగే బండికి బ్రేకులు వేడెక్కడం, తెల్లవారి పొగమంచు, గాలి తగ్గిన లోపలి టైరు అక్కడా ఉంటాయి. పాత ఘాటీలో మిగిలేవి ఆర్టీసీ బస్సులు, బొలెరోలు, సంత ఆటోలు. వాటి డ్రైవర్లకు నేర్పవలసినవాళ్ళు ఇంకా సాలూరులో ఉన్నారు.