నిమ్మకాయలో కరెంటు లేదు

థర్మోకోల్ గాలిమరలంటే నాకెంత మంటో ఈ కాలమ్ చదివేవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. హన్మకొండ చౌరస్తాలో కొనుక్కొచ్చి, పేరు చీటీ అతికించి నిలబెట్టే సరుకది. ఈ వారం ఓ సర్కారు బడి సైన్స్ ఫెయిర్‌లో అలాంటిది ఒక్కటీ కనబడలేదు. ప్రాణం లేచొచ్చింది. ఏడో తరగతి పిల్లలు నాలుగు నిమ్మకాయల్లో జింకు పూత మేకులు, రాగి తీగ ముక్కలు గుచ్చి, వరసగా కలిపి ఎర్ర ఎల్‌ఈడీ వెలిగించారు. ఆ గుడ్డి వెలుగు కనబడాలని చుట్టూ అరచేతులు అడ్డం పెట్టారు.

"కరెంటు ఏడికెళ్లి వస్తాంది బిడ్డా?"

"నిమ్మకాయలకెళ్లి సార్!" అందరిదీ ఒకే మాట.

మా రోజుల్లో ఈ పాఠం సైకిల్ డైనమో చెప్పేది. చీకటిపడ్డాక కాజీపేట నుంచి హన్మకొండ వస్తుంటే లైటు లేదని పోలీసు ఆపుతాడు, టైర్ల గాలి తీసేస్తాడు. డైనమోను టైరుకు ఆనిస్తే కర్రుమని చప్పుడు, వెంటనే పెడల్ బరువు. మూడు వాట్ల బుడ్డి లైటుకే అంత మోత! వెన్నెల రాత్రుల్లో, పోలీసు లేని దారిలో, ఎదురుగాలి వీస్తే డైనమోను పక్కకు వంచేసేవాళ్లం. వెలుగు ఊరికే రాదని, మధ్యాహ్నం తిన్న అన్నమే లైటవుతోందని మాకు పిక్కలే నేర్పాయి. చేత్తో చేస్తేనే చదువని నేను ఏళ్లుగా ఊదరగొట్టేది అందుకే.

కానీ నిమ్మకాయల పిల్లలూ చేత్తోనే చేశారు కదా!

వాళ్ల టీచరమ్మ నవ్వి, నిమ్మకాయలు తీసేయించి, ఉప్పునీళ్లలో తడిపిన గుడ్డముక్కలు పెట్టించింది. లైటు వెలిగింది. మళ్లీ నిమ్మకాయలే పెట్టి, మేకుల బదులు కూడా రాగి తీగలే గుచ్చించింది. ఆరిపోయింది. పాత నిమ్మకాయలోంచి ఒక మేకు పీకి చూపించింది: పూత కరిగి నల్లబడింది. ఖర్చయ్యేది ముఖ్యంగా జింకు; నిమ్మరసం దారి ఇస్తుంది.

తర్వాత నల్లబల్ల. నలభై కిలోల పిల్ల మూడు మీటర్ల మెట్లెక్కితే 1,200 జౌళ్లు. ఒక యూనిట్ కరెంటంటే 36 లక్షల జౌళ్లు. అంటే 3,000 సార్లు ఎక్కాలి. "మరి చెల్పూరు ప్లాంటో మేడం?" అన్నాడొకడు. అక్కడి కాకతీయ థర్మల్‌లో 500, 600 మెగావాట్ల జనరేటర్లు రెండు. రెండూ నిండుగా నడిస్తే సెకనుకు 300 యూనిట్ల పైచిలుకు. వాడు వేళ్లు ముడుస్తూ లెక్కేసుకుని, "తొమ్మిది లక్షల సార్లా! ఒక్క సెకనుకా!" అని నోరు తెరిచాడు.

మా పిక్కలకు బరువు తెలిసింది గానీ ఎంతో తెలియలేదు. అది తేల్చింది నేను ఇన్నేళ్లు తిట్టిపోసిన సుద్దముక్కే.

జిల్లా ఫెయిర్ జడ్జీలకు ఒక మనవి. లైటు వెలిగినందుకు సగం మార్కులే వెయ్యండి. మిగతా సగం, అది ఎక్కణ్నుంచి వచ్చిందో, ఎన్ని జౌళ్లో బల్లమీద లెక్క కట్టి చూపినవాళ్లకు వెయ్యండి.